ఆఫీస్ మెయిల్: ఫోల్డర్లా, సెర్చా, ఫ్లాగులా? ఎవరికి ఏది కుదురుతుంది

సంక్రాంతికి వారం రోజులు ఊరెళ్లి వచ్చి లాప్‌టాప్ తెరిస్తే ఔట్‌లుక్‌లో 612 చదవని మెయిల్స్ కనిపించాయి. పండగ మనకే, అమెరికాలో ఉన్న క్లయింట్‌కి అది మామూలు పని వారం. పొద్దున తొమ్మిదిన్నరకి మొదలుపెడితే భోజనం టైమ్ దాకా అదే పని, ఒక్కొక్కటీ తెరవడం, చదవడం, మూసెయ్యడం. అన్నీ అయ్యాక ఒకసారి లెక్కేసి చూశాను. నేను నిజంగా జవాబు రాయాల్సినవి, పని చెయ్యాల్సినవి కలిపి 31. మిగతా 581 నేను అసలు చూడకపోయినా ఎవరికీ ఏ నష్టమూ జరిగేది కాదు. బాధ ఏంటంటే ఆ 31లో ఒకటి ప్రొడక్షన్, అంటే క్లయింట్ నిజంగా వాడుతున్న సిస్టమ్, గురించి అడిగిన ప్రశ్న, అది సాఫ్ట్‌వేర్ బిల్డ్ అయిందనీ ఫెయిల్ అయిందనీ మెషీన్ పంపే మెయిల్స్ మధ్యలో ఇరుక్కుపోయింది, నేను దాని దగ్గరికి వచ్చేసరికి పన్నెండున్నర అయింది, అప్పటికే పైవాళ్లకి ఫిర్యాదుగా ఎస్కలేషన్ మెయిల్ వెళ్లిపోయింది.

ఆ రోజు నుంచి ఈ విషయం మీద పట్టుదల వచ్చింది. రెండేళ్లలో దాదాపు అన్ని పద్ధతులూ ఒక్కొక్కటి కనీసం నెల చొప్పున వాడి చూశాను, మా టీమ్‌లో కొత్తగా చేరినవాళ్లకి కూడా నేర్పుతున్నాను. నాకు తేలింది ఇది: ఇన్‌బాక్స్ ఖాళీ చేసే పద్ధతి మీ ఓపికని బట్టి కాదు, మీ ఇన్‌బాక్స్‌ని నింపేది ఎవరన్న దాన్ని బట్టి ఎంచుకోవాలి. ఇది చూసుకోకుండా పక్కవాడి పద్ధతి తెచ్చుకుంటే మూడో వారానికే వదిలేస్తారు.

ముందు లెక్కపెట్టండి

ఐదు పని రోజులు, వచ్చిన మెయిల్స్‌ని మూడు కుప్పలుగా లెక్కపెట్టండి. మొదటిది మెషీన్లు పంపేవి: జిరాలో (పనులు నమోదు చేసే టూల్) టికెట్ మారిందని, జెంకిన్స్‌లో (కోడ్‌ని బిల్డ్ చేసే టూల్) బిల్డ్ ఫెయిల్ అయిందని, సర్వర్‌లో డిస్క్ నిండిందని, టైమ్‌షీట్ నింపలేదని. రెండోది మిమ్మల్ని సీసీలో పెట్టినవి, లేదా ఏదో గ్రూప్ ఐడీలో మీరు ఉన్నారు కాబట్టి వచ్చినవి. మూడోది ఒక మనిషి మీ నుంచి ఏదో కావాలని మీకే రాసినవి. కాగితం మీద గీతలు గీసుకున్నా చాలు.

డెవలపర్లకీ సపోర్ట్ టీమ్‌కీ మొదటి కుప్పే కొండంత ఉంటుంది. మేనేజర్లకి రెండోది. విజయవాడలో ఆడిటర్ ఆఫీసులో అకౌంట్స్ చూసే మా వదినకి దాదాపు అంతా మూడో కుప్పే, క్లయింట్లు పంపే బిల్లులు, బ్యాంక్ స్టేట్‌మెంట్లు, "మేడమ్, ఈ నెల రిటర్న్ వేసేశారా" అనే ప్రశ్నలు. నా ప్రాణం నిలబెట్టిన రూల్స్ (వచ్చిన మెయిల్‌ని దానంతటదే ఫోల్డర్‌లోకి జరిపే ఏర్పాటు) వదినకి కొంచెం కూడా పనికిరాలేదు, వదిన వాడే ఫోల్డర్లు నా మెడకి గుదిబండ అయ్యాయి. ఇద్దరిలో ఎవరిదీ తప్పు కాదు, మా ఇద్దరికీ వచ్చే మెయిల్స్ వేరు.

ఫోల్డర్లా, సెర్చా?

అందరూ ముందు పడే గొడవ ఇదే కాబట్టి కొంచెం ఎక్కువసేపు దీని దగ్గరే ఆగుతాను.

ఈ గొడవ కొత్తదేమీ కాదు. 1996లోనే స్టీవ్ విటేకర్, కాండస్ సిడ్నర్ అనే ఇద్దరు పరిశోధకులు ఆఫీసుల్లో ఈమెయిల్ ఎలా వాడుతున్నారో చూసి మనుషుల్ని మూడు రకాలుగా చెప్పారు: అసలు ఫోల్డర్లలో పెట్టనివాళ్లు, ఎప్పటికప్పుడు సర్దేవాళ్లు, కొన్ని నెలలకోసారి ఒక్కసారిగా ఇల్లు దులిపినట్టు దులిపేవాళ్లు. మీరు ఈ మూడింటిలో ఏదో ఇప్పటికే తెలిసిపోయి ఉంటుంది. ఆ విటేకరే 2011లో ఐబీఎం పరిశోధకులతో కలిసి 345 మంది మెయిల్ వాడకాన్ని, పాత మెయిల్‌ని మళ్లీ వెతుక్కున్న 85,000కి పైగా సందర్భాలని పరిశీలించారు. ఫోల్డర్లలోకి వెళ్లి మెయిల్ వెతకడానికి సగటున దాదాపు 58 సెకన్లు పట్టింది, సెర్చ్‌కి దాదాపు 17 సెకన్లు. ఫోల్డర్లు కష్టపడి పెంచుకున్నవాళ్లు వెతికింది దొరకబుచ్చుకోవడంలో మిగతావాళ్లకంటే మెరుగ్గా ఏమీ లేరు. పైగా వెతికేటప్పుడు పోయే టైమ్ కాక, సర్దేటప్పుడు పోయే టైమ్ అదనం.

నాకు ఒకప్పుడు 46 ఫోల్డర్లు ఉండేవి. ప్రాజెక్ట్‌కి ఒకటి, అందులో రిలీజ్‌కి ఒకటి, అందులో టెస్టింగ్ వేరు, ఇన్‌ఫ్రా వేరు. చూడ్డానికి అమ్మ వంటింట్లో డబ్బాలు సర్దినట్టు ఉండేది. కానీ ఒకే మెయిల్‌లో రెండు ప్రాజెక్ట్‌ల సంగతి ఉంటే ఏ డబ్బాలో వెయ్యాలి? బడ్జెట్ గురించి మాట్లాడుతూ చివరి పేరాలో రిలీజ్ తేదీ మార్చారనుకోండి, అది ఎక్కడికి వెళ్లాలి? ఆ ఆలోచన దగ్గరే చెయ్యి ఆగిపోతుంది, "తర్వాత పెడదాంలే" అనుకుంటాం, ఆ తర్వాత అనుకున్నవే ఇన్‌బాక్స్‌లో పేరుకుంటాయి. నా విషయంలో ఇన్‌బాక్స్ నిండడానికి మెయిల్స్ ఎక్కువ రావడం ఎంత కారణమో, ప్రతిదాన్నీ ఎక్కడ పెట్టాలో తేల్చుకోవాల్సి రావడం అంతే కారణం.

అందుకే పని అయిన మెయిల్స్ అన్నీ ఒకేచోట పడే ఒక్క ఆర్కైవ్‌కి మారాను. చదివాను, పని అయింది, ఆర్కైవ్. ఏం పేరు, ఏ ప్రాజెక్ట్, ఏ నెల అన్న ప్రశ్నే లేదు. కావలసినప్పుడు పంపినవాళ్ల పేరు, ఒక అరుదైన మాట కలిపి కొడితే వచ్చేస్తుంది. సెర్చ్ పనిచెయ్యట్లేదు అనేవాళ్లలో చాలామంది "అప్‌డేట్" "ఇష్యూ" లాంటి మాటలు కొట్టి వెతుకుతుంటారు, అవి ప్రతి మెయిల్‌లోనూ ఉంటాయి. టికెట్ నంబరో, సర్వర్ పేరో, ఆ రోజు ఎవరు రాశారో కొట్టండి. అటాచ్‌మెంట్ ఉన్నవే చూపించు, ఫలానా తేదీల మధ్యవే చూపించు అనే ఆప్షన్లు ఔట్‌లుక్‌లోనూ జీమెయిల్‌లోనూ సెర్చ్ పెట్టె పక్కనే ఉంటాయి, వాటిని ఒక్కసారైనా నొక్కి చూడండి. ఇంకో అలవాటు కూడా చేసుకోండి: మీరు పంపే మెయిల్స్‌కి సబ్జెక్ట్‌లో ప్రాజెక్ట్ పేరు, టికెట్ నంబర్ తప్పకుండా రాయండి, ఆరు నెలల తర్వాత వెతుక్కునేది మీరే.

మరి ఫోల్డర్లు ఎవరికి? మూడు సందర్భాల్లో నేను ఫోల్డర్లే పెట్టుకోమంటాను. ఒకటి, మీ పని మొత్తం ఇంకొకరికి అప్పగించాల్సి వచ్చే ఉద్యోగం. రెండు, రికార్డు దాచాల్సిన పని. జీఎస్‌టీ చట్టం లెక్కలు, రికార్డులు వార్షిక రిటర్న్ గడువు నుంచి 72 నెలలు దాచమంటుంది, అలాంటి చోట "సెర్చ్ చేస్తే దొరుకుతుందిలే" అని కూర్చోవడం కుదరదు. మూడు, సెర్చ్‌కి చిక్కని మెయిల్స్. వదినకి చాలామంది క్లయింట్లు సబ్జెక్ట్ లేకుండా, ఒక్క మాట రాయకుండా, ఫోన్‌తో తీసిన బిల్లు ఫొటో పంపేస్తారు. దాన్ని ఏ మాట కొట్టి వెతుకుతారు? అందుకే వదినకి క్లయింట్ పేరుతో ఫోల్డర్, దాని కింద ఆర్థిక సంవత్సరం, అంతే, రెండు మెట్లు. మూడో మెట్టు పెట్టవద్దని మాత్రం నేను గట్టిగా చెబుతాను, ఎందుకంటే మూడో మెట్టు వచ్చిన రోజే "ఇది ఎక్కడ పెట్టాలి" అన్న ప్రశ్న మళ్లీ మొదలవుతుంది.

ఆర్కైవ్ అనే మాటకి మూడు అర్థాలు, దయచేసి ఇది చదవండి

జీమెయిల్‌లో సంగతి సులువు. ఆర్కైవ్ నొక్కితే మెయిల్ మీద ఉన్న ఇన్‌బాక్స్ అనే లేబుల్ తీసేస్తుంది, మెయిల్ ఆల్ మెయిల్‌లో అలాగే ఉంటుంది, ఎవరైనా జవాబు రాస్తే మొత్తం సంభాషణ మళ్లీ ఇన్‌బాక్స్‌లోకి వస్తుంది.

ఔట్‌లుక్‌లో ఇదే పేరుతో మూడు వేరు వేరు పనులు ఉన్నాయి, వీటిని కలిపేసుకుని నష్టపోయినవాళ్లని చూశాను. పైన కనిపించే ఆర్కైవ్ బటన్, పాత డెస్క్‌టాప్ ఔట్‌లుక్‌లో బ్యాక్‌స్పేస్ నొక్కినా అదే జరుగుతుంది, మెయిల్‌ని అదే మెయిల్‌బాక్స్‌లో ఉన్న ఆర్కైవ్ అనే ఫోల్డర్‌లోకి జరుపుతుంది. కాబట్టి మెయిల్‌బాక్స్ నిండిందని హెచ్చరిక వచ్చినప్పుడు ఈ బటన్ ఎన్నిసార్లు నొక్కినా ఒక్క ఎంబీ కూడా ఖాళీ అవదు. ఆటో ఆర్కైవ్ అనేది వేరు, అది పాత మెయిల్స్‌ని మీ కంప్యూటర్‌లో పీఎస్‌టీ అనే ఫైల్‌లోకి తీసుకెళ్లిపోతుంది. ఆ ఫైల్ సర్వర్‌లో ఉండదు. మూడోది ఆన్‌లైన్ ఆర్కైవ్, కంపెనీ ఇస్తే విడిగా ఒక మెయిల్‌బాక్స్‌లా పక్కన కనిపిస్తుంది.

నా పాత కంపెనీలో ఒక సహోద్యోగికి నాలుగేళ్ల మెయిల్స్ పీఎస్‌టీలో ఉండేవి. లాప్‌టాప్ హార్డ్‌డిస్క్ పోయింది, కొత్త లాప్‌టాప్ ఇచ్చారు, మెయిల్స్ పోయాయి. అందులో అప్రూవల్స్ ఉన్నాయి, అవి చూపించమని అడిగినప్పుడు ఆయన పడిన టెన్షన్ దగ్గరుండి చూశాను. కాబట్టి ఎంచుకోమంటే నా మాట: రోజువారీకి ఆర్కైవ్ బటన్, జాగా కోసం ఆన్‌లైన్ ఆర్కైవ్, పీఎస్‌టీ జోలికి వెళ్లవద్దు. ఎన్నాళ్లకి మెయిల్స్ వాటంతటవే డిలీట్ అవుతాయో కంపెనీ రిటెన్షన్ పాలసీలో ఉంటుంది, ఐటీ వాళ్లని ఒకసారి అడిగి తెలుసుకోండి.

ఇన్‌బాక్స్‌నే పనుల లిస్టుగా వాడితే

చదివిన మెయిల్‌ని మళ్లీ అన్‌రెడ్ చేసి వదిలెయ్యడం, ఫ్లాగ్ పెట్టడం, స్నూజ్ చెయ్యడం (ఇప్పటికి దాచేసి ఫలానా టైమ్‌కి మళ్లీ ఇన్‌బాక్స్‌లోకి రప్పించడం), టాస్క్‌గా మార్చడం. ఈ నాలుగూ ఒకే అవసరానికి, "ఇది నేను చెయ్యాలి, మర్చిపోకూడదు" అని. కానీ నాలుగూ ఒకటి కాదు.

అన్‌రెడ్ చెయ్యడం అన్నిటికంటే బలహీనం. పొరపాటున ఒక్క క్లిక్ పడితే ఆ గుర్తు పోతుంది, అది పోయినట్టు కూడా మీకు తెలియదు. పైగా రోజుకు నాలుగుసార్లు అదే మెయిల్ తెరిచి చదివి మళ్లీ మూసేస్తాం, అంటే ఒకే మెయిల్‌ని నాలుగుసార్లు చదువుతున్నాం. దీన్ని మానెయ్యండి.

ఫ్లాగ్ ఇంతకంటే నయం, కానీ తేదీ పెట్టకుండా ఫ్లాగ్ పెడితే అది ఎర్ర జెండాల తోట అవుతుంది. నాకు ఒక దశలో 90కి పైగా ఫ్లాగులు ఉండేవి, అంటే అసలు ఫ్లాగ్ లేనట్టే. ఫ్లాగ్ పెడితే ఇవాళో రేపో ఫలానా తేదీయో కూడా పెట్టండి. ఔట్‌లుక్‌లో ఫ్లాగ్ పెట్టిన మెయిల్స్ మైక్రోసాఫ్ట్ టు డూ లిస్టులో కూడా కనిపిస్తాయి, ఆ మెయిల్‌ని ఆర్కైవ్ చేసేసినా ఫ్లాగ్ ఉంటుంది. ఈ ఒక్క సంగతి తెలిశాక నాకు ఇన్‌బాక్స్ ఖాళీ చెయ్యడానికి ధైర్యం వచ్చింది.

స్నూజ్ మంచిదే, ఒక షరతు మీద: ఆ మెయిల్ మీద ఇప్పుడు మీరు చెయ్యగలిగింది ఏమీ లేకపోతేనే. గురువారం డెమో లింక్ ఉన్న మెయిల్‌ని గురువారం పొద్దునకి స్నూజ్ చెయ్యండి, చాలా బాగుంటుంది. కానీ చెయ్యబుద్ధి కాని పనిని రేపటికి, రేపు మళ్లీ ఎల్లుండికి తోసుకుంటూ పోతే ఇన్‌బాక్స్ ఖాళీగా కనబడుతుంది, పని మాత్రం అలాగే ఉంటుంది. రెండోసారి స్నూజ్ చెయ్యబోతున్నారంటే ఆగి, అవతలివాళ్లకి "ఇది శుక్రవారం లోపు ఇస్తాను" అని రాసెయ్యండి, లేదా చెయ్యలేనని చెప్పెయ్యండి. జీమెయిల్‌లో, కొత్త ఔట్‌లుక్‌లో, బ్రౌజర్‌లో తెరిచే ఔట్‌లుక్‌లో స్నూజ్ ఉంటుంది, పాత డెస్క్‌టాప్ ఔట్‌లుక్ వాడేవాళ్లు ఫ్లాగ్‌కి రిమైండర్ పెట్టుకోవాలి.

నేను ఎక్కువమందికి చెప్పేది టాస్క్. జీమెయిల్‌లో మెయిల్ తెరిచి టాస్క్‌లో చేర్చే బటన్ నొక్కితే ఆ టాస్క్‌లోనే మెయిల్ లింక్ వస్తుంది. ఔట్‌లుక్‌లో మెయిల్‌ని పట్టుకుని క్యాలెండర్ గుర్తు మీదకి లాగి వదిలితే అపాయింట్‌మెంట్ తయారవుతుంది. టాస్క్‌లో ఉన్న గొప్పతనం ఏంటంటే పేరు మీరు రాస్తారు. మెయిల్ సబ్జెక్ట్ "ఆర్ఈ: ఆర్ఈ: ఎఫ్‌డబ్ల్యూ: క్వెరీ" అని ఉంటుంది, దాన్ని చూస్తే ఏం చెయ్యాలో తెలియదు. టాస్క్‌లో "లాగిన్ ఎర్రర్ లాగ్స్ తీసి పంపాలి" అని రాసుకుంటారు, చూడగానే చెయ్యి కదులుతుంది. రెండు నిమిషాల్లో అయిపోయే జవాబులకి మాత్రం ఇదంతా అక్కర్లేదు, అప్పటికప్పుడు రాసేసి ఆర్కైవ్ చెయ్యండి.

మెషీన్ల మెయిల్స్‌కి: రూల్సా, ఫోకస్డ్ ఇన్‌బాక్సా?

మొదటి కుప్ప ఎక్కువ ఉన్నవాళ్లు ఇంతవరకు చెప్పినవాటికంటే ముందు ఇది చెయ్యాలి. ఔట్‌లుక్‌లో ఫోకస్డ్ ఇన్‌బాక్స్ ఉంది, మన వాడకాన్ని చూసి ముఖ్యమైనవి ఒకవైపు, మిగతావి ఇంకోవైపు అదే పెడుతుంది. జీమెయిల్ ట్యాబ్‌లు కూడా ఇలాంటివే. సొంత మెయిల్‌కి ఇవి బాగానే ఉంటాయి, కానీ ఆఫీస్ మెయిల్‌కి నేను వద్దంటాను. కారణం ఒక్కటే, ఏది ఎటు వెళ్తుందో ముందుగా మీకు తెలియదు. అది ఎప్పుడైనా ఒక ముఖ్యమైన మెయిల్‌ని రెండో వైపు పెడుతుందేమోనని మీరు రెండు వైపులా చూస్తూనే ఉంటారు, అప్పుడు ఒకటి ఉన్న ఇన్‌బాక్స్ రెండయింది, అంతే.

రూల్ మీరు రాసింది, అది చెప్పిందే చేస్తుంది. జిరా అడ్రస్ నుంచి వచ్చేవన్నీ ఒక ఫోల్డర్‌కి, బిల్డ్ మెయిల్స్ ఇంకో ఫోల్డర్‌కి, నా పేరు సీసీలో ఉన్నవి మూడో ఫోల్డర్‌కి. ఈ మూడు రూల్స్ పెట్టిన మొదటి వారం నా ఇన్‌బాక్స్‌లోకి వచ్చే మెయిల్స్ రోజుకు 120 నుంచి 25కి దిగాయి. సీసీ రూల్ గురించి చాలామంది భయపడతారు, "బాస్ సీసీలో పెట్టి ఏమైనా అడిగితే?" అని. ఆ భయం సరైనదే, అందుకే ఆ రూల్‌కి మినహాయింపులు పెట్టండి, మీ మేనేజర్ పంపినవీ, మెయిల్ లోపల మీ పేరు ఉన్నవీ జరపవద్దు అని. సీసీ ఫోల్డర్ రోజుకు ఒక్కసారి, సాయంత్రం, సబ్జెక్టులు మాత్రం చూసి అన్నీ ఆర్కైవ్ చెయ్యండి.

ఒక జాగ్రత్త. ప్రొడక్షన్ అలర్ట్‌లు కూడా రూల్ పెట్టి ఫోల్డర్‌లోకి తోసేసి, ఆ ఫోల్డర్ తెరవడం మర్చిపోయేవాళ్లు ఉన్నారు. నిజంగా అర్జెంట్ అయిన అలర్ట్ అసలు మెయిల్‌కి రాకూడదు, ఫోన్‌కి రావాలి. మీ టీమ్‌లో అది ఇంకా మెయిల్‌కే వస్తుంటే ఈ వారమే మీ లీడ్‌తో మాట్లాడండి.

యాభై మంది ఉన్న రిప్లై ఆల్ వరదలకి ఇంకో మందు ఉంది. జీమెయిల్‌లో మ్యూట్, ఔట్‌లుక్‌లో ఇగ్నోర్. చూడ్డానికి ఒకేలా ఉన్నా తేడా ఉంది: మ్యూట్ చేసినవి ఆల్ మెయిల్‌లో భద్రంగా ఉంటాయి, ఇగ్నోర్ చేసినవి, ఆ థ్రెడ్‌లో ఇక ముందు వచ్చేవి కూడా, డిలీటెడ్ ఐటమ్స్‌లోకి వెళ్లిపోతాయి. పుట్టినరోజు శుభాకాంక్షల థ్రెడ్‌కి ఇగ్నోర్ సరే, ప్రాజెక్ట్ థ్రెడ్‌కి వద్దు.

రోజంతా తెరిచి ఉంచాలా, మూడుసార్లు చూస్తే చాలా?

బ్రిటిష్ కొలంబియా యూనివర్సిటీ పరిశోధకులు 2015లో ప్రచురించిన ఒక అధ్యయనంలో 124 మందిని ఒక వారం మెయిల్ రోజుకు మూడుసార్లే చూడమన్నారు, ఇంకో వారం ఎన్నిసార్లైనా చూడమన్నారు. మూడుసార్లే చూసిన వారంలో వాళ్లకి ఒత్తిడి తగ్గింది. నా అనుభవం కూడా అదే, కాకపోతే ఏ మూడుసార్లు అన్నది మన పని వేళలని బట్టి ఉండాలి. హైదరాబాద్‌లో ఉండి అమెరికా తూర్పు తీరం క్లయింట్‌తో పనిచేసేవాళ్లకి వాళ్ల ఉదయం తొమ్మిది అంటే మనకి ఎండాకాలంలో సాయంత్రం ఆరున్నర, చలికాలంలో ఏడున్నర. రాత్రంతా వచ్చినవి మన పొద్దునకి సిద్ధంగా ఉంటాయి. నేను తొమ్మిదిన్నరకి నలభై నిమిషాలు, రెండున్నరకి పావుగంట, వాళ్లు వచ్చే వేళకి అరగంట చూస్తాను. మధ్యలో నోటిఫికేషన్ ఆఫ్, కింద వచ్చే ఎన్వలప్ గుర్తు కూడా ఆఫ్.

సపోర్ట్ షిఫ్ట్‌లో ఉన్నవాళ్లకి ఇది కుదరదు, వాళ్లకి మెయిలే పని. అలాంటివాళ్లు మూడుసార్ల సంగతి వదిలేసి రూల్స్ మీద, ఇన్‌బాక్స్‌లోకి అసలు ఏది రానివ్వాలి అన్నదాని మీద శ్రద్ధ పెట్టండి. ఇక కొత్త లీడ్‌లకి ఒక మాట: మీరు రాత్రి పదకొండింటికి జవాబులు రాస్తే మీ టీమ్ కూడా ఆ టైమ్‌కి మెయిల్ చూడటం మొదలుపెడుతుంది. రాయండి, కానీ పొద్దునకి వెళ్లేలా షెడ్యూల్ చెయ్యండి, ఆ సౌకర్యం ఔట్‌లుక్, జీమెయిల్ రెండింటిలోనూ ఉంది.

సున్నా అంటే

ఇన్‌బాక్స్ జీరో అనే మాటని 2006లో మెర్లిన్ మాన్ అనే అమెరికా రచయిత ప్రచారంలోకి తెచ్చాడు, 2007లో గూగుల్‌లో దీని మీద మాట్లాడాడు కూడా. ఆయన చెప్పిన సున్నా మెయిల్స్ లెక్క గురించి కాదు, మన బుర్ర ఇన్‌బాక్స్‌లో ఎంతసేపు చిక్కుకుని ఉంటుందన్న దాని గురించి. కానీ ఇప్పుడు చాలామంది గంటకోసారి సున్నా చేస్తూ కూర్చుంటున్నారు, అది ఇంకో రకం చాకిరీ. రోజుకి ఒకసారి, ఆఫీస్ నుంచి లేచే ముందు ఖాళీ అయితే చాలు. మేనేజర్ స్థాయిలో ఉన్నవాళ్లకి వారానికి ఒకసారి, శుక్రవారం సాయంత్రం ఖాళీ అయినా బాగున్నట్టే. కొన్ని రోజులు పది మిగిలిపోతాయి, మిగలనివ్వండి, ఆ పదీ ఏవో మీకు తెలిస్తే చాలు.

ఇప్పటికే ఇరవై వేలు ఉన్నవాళ్లకి

ఒక్కొక్కటీ సర్దుతానని కూర్చోవద్దు, నేను చూసినవాళ్లలో ఒక్కరూ పూర్తి చెయ్యలేదు. రెండు దారులు ఉన్నాయి. ఒకటి, అన్నీ వదిలేశానని చెప్పెయ్యడం. అమెరికాలో లా ప్రొఫెసర్ లారెన్స్ లెసిగ్ 2004లో ఇదే చేశాడు, జవాబు బాకీ ఉన్నవాళ్లకి ఇక రాయలేనని మెయిల్ పెట్టేశాడు. ప్రొఫెసర్‌కి కుదిరింది, మన ఉద్యోగాల్లో కుదరదు. రెండోది నేను చెప్పేది: పదిహేను రోజుల కంటే పాతవన్నీ ఒకేసారి సెలెక్ట్ చేసి "పాతవి" అనే ఒక ఫోల్డర్‌లోకి జరపండి. డిలీట్ చెయ్యవద్దు. మిగిలిన పదిహేను రోజులవి ఒక మధ్యాహ్నం కూర్చుని చూడండి. పాత ఫోల్డర్‌లో ఎవరికైనా ఏదైనా కావాలంటే వాళ్లే మళ్లీ రాస్తారు, అప్పుడు సెర్చ్ చేస్తే దొరుకుతుంది. నేను అలా జరిపిన దాంట్లోంచి ఒక ఏడాదిలో ఆరు మెయిల్స్ మాత్రమే మళ్లీ తీయాల్సి వచ్చింది.

డబ్బు కట్టి వాడే మెయిల్ యాప్‌ల గురించి చాలామంది అడుగుతారు. సొంత వ్యాపారం ఉన్నవాళ్లు ఆలోచించుకోవచ్చు. కంపెనీ మెయిల్‌కి ఐటీ వాళ్ల అనుమతి లేకుండా బయటి యాప్ కలపవద్దు, క్లయింట్ సమాచారం ఇంకొకరి సర్వర్‌కి వెళ్తుంది, ఉద్యోగానికే ముప్పు.

ఒకే మెయిల్ ఐడీ నలుగురు చూస్తుంటే

ఇది వేరే లెక్క, వదిన ఆఫీసులో రోజూ చూస్తున్నాను. ఒకే ఆఫీస్ ఐడీని నలుగురు తెరుస్తారు. ప్రతి నెలా 11న జీఎస్‌టీఆర్-1 (అమ్మకాల వివరాల రిటర్న్), 20న జీఎస్‌టీఆర్-3బీ (పన్ను లెక్కల రిటర్న్) వెయ్యాలి, ఆ రెండు తేదీల ముందు మూడు రోజులు మెయిల్స్ కుప్పలు. ఇక్కడ అన్‌రెడ్ గుర్తుని నమ్ముకుంటే కొంప మునుగుతుంది, ఎందుకంటే ఒకరు తెరవగానే మిగతా ముగ్గురికీ అది చదివినట్టే కనిపిస్తుంది. ఒకసారి ఒక క్లయింట్ అమ్మకాల షీట్ మార్చి పంపితే, ఒకరు చూసి ఇంకొకరు చేస్తున్నారనుకున్నారు, పాత షీట్‌తోనే రిటర్న్ వెళ్లింది, సవరించడానికి తర్వాతి నెల దాకా ఆగాల్సి వచ్చింది.

వాళ్లకి నేను చెప్పింది ఫ్లాగ్ కూడా కాదు, కేటగిరీ రంగులు. నలుగురికీ నాలుగు రంగులు, పేర్లతో. పొద్దున పదింటికి ఒకరే ఇన్‌బాక్స్ తెరిచి ప్రతి మెయిల్‌కీ రంగు వేస్తారు, వారానికి ఒకరి వంతు. రంగు లేని మెయిల్ ఇన్‌బాక్స్‌లో ఉండకూడదు. పని పూర్తి చేసినవాళ్లే దాన్ని క్లయింట్ ఫోల్డర్‌లోకి జరపాలి, ఇంకొకరు జరపకూడదు. వదిన ఇంకో నియమం సొంతంగా కలిపింది: సవరించిన షీట్ ఏది వచ్చినా రంగు వేసేవాళ్లు నోటితో కూడా చెప్పాలి, బల్ల దగ్గరికి వెళ్లి.